సుత్తి చప్పుడు పడని నలభై ఒక్క నిమిషాలు

మా మేనకోడలు సాధించిన ఘనతల్లో ముందు చెప్పవలసింది ఇది: కింద దుకాణంలో నేను నీళ్ల తొట్టికి అంచు మడిచి కొడుతుంటే, సరిగ్గా నా నెత్తిమీద ఉన్న గదిలో కూర్చుని నలభై ఒక్క నిమిషాల పాఠం రికార్డు చేసింది. అందులో నా సుత్తి దెబ్బ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ నలభై ఒక్క నిమిషాలకు ముందు ఐదు నెలల కష్టం ఉంది. ఆ కష్టంలో సగం నా వల్ల వచ్చిందే కాబట్టి దాన్ని రాయవలసింది కూడా నేనే.

మన రేకుల పనివారి సంఘం సంచికలో ఏటా ఒక పనివాడి జీవితం వేస్తారు. రెండేళ్ల కిందట నా గురించి వేశారు. బస్సుల డిపోకి నేను బిగించిన వాన గొట్టాలు పందొమ్మిదేళ్లుగా చుక్క కారలేదనీ, బేకరీ పొగగొట్టం గాలివానకు ఊగింది గానీ ఊడలేదనీ, పల్లెటూరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపేసినా కొలబద్ద లేకుండా గుండ్రటి రేకు కత్తిరిస్తాననీ రాశారు. అన్నీ నిజమే. ఈ ఏడు ఎవరి గురించి రాస్తావని కార్యదర్శి అడిగితే మా మేనకోడలి గురించి అన్నాను. "ఆ అమ్మాయిది రేకుల పని కాదు కదా" అన్నాడు. "రాసి ఇస్తాను, చదివి మాట్లాడు" అన్నాను.

ఆమె మా చెల్లెలి పెద్ద కూతురు. ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. చిన్నప్పుడు ఒక చోట కుదురుగా కూర్చునేది కాదని మా ఆవిడ పెట్టిన పేరు అది. ఏడో తరగతిలో దస్తూరీకి మొదటి బహుమతి తెచ్చుకుంది. పదో తరగతిలో బడి మొత్తానికి మూడో స్థానం. టైపు పరీక్ష రెండు భాషల్లోనూ ఒకే ఏడాది గట్టెక్కింది. ఇవన్నీ చెప్పుకోవడం ఆమెకు ఇష్టం ఉండదు, నాకు ఉంటుంది. ఇంత చదివీ చివరికి దొరికింది సామాన్లు పెట్టెల్లో సర్దే గోదాములో పని. నాలుగేళ్లు రోజుకు పది గంటలు నిలబడింది. ఆమె కట్టిన పెట్టె ఒక్కటి కూడా పగిలిందని తిరిగి రాలేదు. పెట్టెలు బాగానే ఉన్నాయి, కాళ్లు పాడయ్యాయి. మోకాలి కింద నరాలు తాళ్లలా ఉబ్బాయి. కూర్చుని చేసే పని చూసుకోకపోతే ఆపరేషను తప్పదని డాక్టరు చెప్పాడు.

అప్పుడు నేనే వెళ్లి తీసుకొచ్చాను. "పై గది ఖాళీగానే ఉంది. కూర్చుని చేసే పని దొరికేదాకా నా దగ్గరుండు. ఎవరేమన్నా నేనున్నాను" అని చెల్లెలి ముందు మాటిచ్చాను. మాటివ్వడం సులువే. పై గది సుత్తి చప్పుడు మీద కట్టినదని ఆ పూట నాకు తోచలేదు.

ఆమె వెతుక్కున్న పని గురించి చెప్పాలి. చూపు లేని పిల్లల బడి ఒకటి ఉంది, రైల్లో నాలుగు గంటల దూరం. ఆ పిల్లలు పాఠాలు చెవులతో చదువుతారు. కంప్యూటర్లో ఒక గొంతు ఉంటుంది. రాసింది రాసినట్టు పైకి చదువుతుంది. పిల్లలకు ఆ గొంతే అలవాటు. కానీ అది అంకెలు కలిపేస్తుంది, పొడి అక్షరాలు మింగేస్తుంది, ఆగాల్సిన చోట ఆగదు, బొమ్మ వస్తే ఏమీ అనకుండా దాటిపోతుంది. కాబట్టి పాఠాన్ని ఆ గొంతు నోటికి సరిపడేలా ఎవరైనా తిరగరాయాలి. బొమ్మ ఉన్న చోట దాన్ని మాటల్లో చెప్పాలి. ఆపైన ఆ గొంతుతో చదివించి, చదివినదాన్ని రికార్డు చేసి పంపాలి. ఎందుకంటే కంప్యూటర్ చదువుతుంది గానీ చదివింది దాచుకోదు. పన్నెండు పాఠాలు తప్పు లేకుండా చేసి పంపితే ఉద్యోగం. కూర్చుని చేసే ఉద్యోగం. మా పిచ్చుక కాళ్లు ఆ పన్నెండు పాఠాల మీద ఆధారపడి ఉన్నాయి.

జూన్‌లో మొదలుపెట్టింది. తిరగరాయడంలో ఆమెకు తిరుగులేదు. రికార్డు చేయడం దగ్గర వచ్చింది తంటా. ఆమె పద్ధతి ఏమిటంటే, కంప్యూటర్ గట్టిగా చదువుతుంటే దాని ముందు ఫోను నిలబెట్టి, ఫోనులో రికార్డు చేయడం. అంతకన్నా వేరే దారి ఉంటుందని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. ఫోనుకు పక్షపాతం లేదు. పాఠాన్ని వింటుంది, నన్నూ వింటుంది.

అందుకని ఒక కట్టడి పెట్టుకున్నాం. పై కిటికీ ఊచలకు ఎర్ర తువ్వాలు వేలాడితే కింద పని ఆగిపోవాలి. తువ్వాలు తీసేదాకా సుత్తి ముట్టకూడదు, కత్తెర ముట్టకూడదు, రేకు కదపకూడదు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. రాత్రిపూట చేసి చూసింది, కుక్కలూ లారీలూ పగటి కన్నా ఎక్కువయ్యాయి. నలభై నాలుగేళ్లుగా తెల్లారితే సుత్తి పట్టినవాణ్ణి, మంచి వెలుతురున్న మూడు గంటలూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పని చేస్తే వచ్చే అలసట తిండితో పోతుంది. ఊరికే కూర్చుంటే వచ్చే అలసట పోయేది కాదు.

మాకు పాల డబ్బాలాయన అని ఒక పాత ఖాతాదారు ఉన్నాడు. పాలు పోసే డబ్బాలన్నీ నా దగ్గరే చేయిస్తాడు. ఆయన ఒక రోజు తువ్వాలు వేలాడుతుండగా వచ్చి గుమ్మంలోంచే మొదలెట్టాడు.

"ఏం మేస్త్రీ, దుకాణం తెరిచే ఉంది, నువ్వు కూర్చునే ఉన్నావు, నా డబ్బాలు మాత్రం పడుకునే ఉన్నాయి!"

నేను వేలితో పైకి చూపించాను.

"పైనేముంది? నోట్లో నీళ్లు పోసుకున్నావా ఏంటి?"

పెదాల మీద వేలు పెట్టుకున్నాను. ఆయనకు అర్థమై గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడమంటే, ఇంకొకడు మేడ మీంచి పిలిచినంత. "అలాగా, పాప చదువుకుంటోందా! సరే సరే. నా డబ్బాలెప్పుడో అది చెప్పు చాలు!"

మూడో పాఠం మొక్కల గురించి. ఆకు ఎండను ఎలా తింటుందో కంప్యూటర్ గొంతు చక్కగా చెబుతూ ఉంటుంది, మధ్యలో "నా డబ్బాలెప్పుడో" అని వినిపిస్తుంది. మళ్లీ మొదటి నుంచి చదివించాల్సి వచ్చింది.

ఆగస్టులో మొదటి నాలుగు పాఠాలు పంపింది. వారం తిరక్కుండా వెనక్కి వచ్చాయి. పెట్టె తిరిగి రాని అమ్మాయికి పాఠాలు తిరిగి వచ్చాయి. ఆ బడిలో రికార్డులు చూసే మేడమ్ ఫోన్ చేసి చెప్పింది: "మాటలు బాగా కూర్చావమ్మా, బొమ్మలు చెప్పిన తీరు మా వాళ్లెవరికీ రాదు. కానీ వెనకాల గది వినిపిస్తోంది. నీకది చిన్న చప్పుడే. మా పిల్లలకి వినికిడే చూపు కదా, కంట్లో నలుసు పడ్డట్టుంటుంది."

దాంతో కట్టడి ఇంకా బిగిసింది. కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఫ్యాను ఆపేసింది. చివరకు తనూ కంప్యూటరూ ఫోనూ కలిసి ఒక బొంత కిందికి దూరి రికార్డు చేసేది. బయటికి వచ్చేసరికి నీళ్లలోంచి తీసిన బట్టలా ఉండేది. వంట పదిలోపే అయిపోవాలి. మా ఆవిడ ఓపిక పట్టినంత పట్టి ఒక రోజు అడిగేసింది.

"నా గరిటె చప్పుడు కూడా పాఠంలో పడుతుందా పిచ్చుకా?"

"పడుతుంది అత్తయ్యా. నిన్న పడింది."

"పడితే పడనీ. పిల్లలకి ఆకలన్నా వేస్తుంది."

ముగ్గురం నవ్వాం. ఆ నెలలో నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

అక్టోబరు చివర్లో ఆ నాలుగూ కలుపుకుని ఎనిమిది పాఠాలు పంపింది. మళ్లీ వచ్చాయి. ఈసారి సుత్తి లేదు, గరిటె లేదు, డబ్బాలాయన లేడు. అయినా గది ఉందట. పక్క వీధి మోటారు హోరు, బొంత రాపిడి, ఆమె ఊపిరి. అన్నీ ఉన్నాయట. నవంబరు ముప్పై ఆఖరు తేదీ, ఆ లోపు పన్నెండూ శుభ్రంగా అందకపోతే వేరే వాళ్లను చూసుకుంటామని రాశారు.

ఆ మధ్యాహ్నం పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"మామయ్యా, గోదాములో మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారట."

"అయితే?"

"వెళ్తాను. నా కోసం నువ్వు ఎన్నాళ్లని చేతులు ముడుచుకుంటావు?"

"నా చేతుల సంగతి నేను చూసుకుంటాను. నీ కాళ్ల సంగతి చెప్పు."

 ఆమె లంగా అంచు కాళ్ల మీదికి లాక్కుంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. పిలిచి తెచ్చుకున్నవాణ్ణి నేను. చప్పుడు చేసేవాణ్ణీ నేనే.

మూడు రోజుల తర్వాత దుకాణంలోకి దిగి వచ్చింది. మొహం అదోలా ఉంది.

"మామయ్యా, ఒక చోట చదివాను. మనం చేసేదంతా తప్పు."

"ఏది?"

"అంతా. కంప్యూటర్ మాటని గాల్లోకి వదిలి, మళ్లీ గాల్లోంచి ఫోనుతో పట్టుకుంటున్నాం. గాల్లోకి వదలకుండానే పట్టుకోవచ్చట."

నాకు రేకుల భాషలోనే అర్థమైంది. "అంటే గొట్టం బిగిస్తే సరిపోయేదానికి, నీళ్లు నేల మీద పారబోసి గుడ్డతో పిండుకుంటున్నామన్నమాట."

"అంతే."

 ఐదు నెలలు. వీధి వీధంతా గొంతు తగ్గించుకుని నడిచిన ఐదు నెలలు.

కొన్ని కంప్యూటర్లలో లోపలే ఆ దారి ఉంటుందట, ఒక మీట నొక్కితే చాలట. ఆమెది పాతది, ఎంత వెతికినా ఆ మీట లేదు. లేనివాళ్లకు ఇంకో ఉపాయం రాశారట. కంప్యూటర్ పక్కన రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకటి చెవిలో పెట్టుకునే వాటి కోసం, మాట బయటికి వచ్చేది. రెండోది మైకు కోసం, మాట లోపలికి పోయేది. మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి ఒక తీగ వేస్తే, కంప్యూటర్ తన మాట తనే వింటుంది. తీగ దూర్చగానే గదిని వినే చెవి మూసుకుపోతుంది. రెండు కొసలా మొన ఉన్న తీగ కావాలి, అంతే. ఫోన్ల దుకాణంలో అడిగితే తెప్పించడానికి పదిహేను రోజులు పడుతుందన్నాడు.

"నేను చేస్తాను" అన్నాను.

మా ఆవిడ సొరుగులోంచి చెడిపోయిన ఇయర్‌ఫోన్లు రెండు జతలు తెచ్చింది. చెవి దగ్గర తెంపేస్తే రెండు మొనలూ రెండు తీగలూ మిగిలాయి. వాటిని కలపాలి. లోపల తీగలు జుట్టు కన్నా సన్నం, పైగా రంగు పూత ఒకటి. సీసం కరిగించే మన టంకపు కడ్డీ సంగతి మీకు తెలుసు, పావుకిలో రాగి ముక్క. దాన్ని ఆ తీగల మీద పెడితే పిచ్చుక మీద రోలు పెట్టినట్టే. మొదటి మూడు సార్లు తీగలు కాలి మాయమయ్యాయి. అప్పుడు కడ్డీకి ఒక రాగి తీగ గట్టిగా చుట్టి, దాని కొసను ముందుకు సూదిలా వదిలాను. వేడి కొసకు వచ్చింది. పూత కాల్చాను, ఆసిడ్ తాకించాను, సీసం పట్టింది. మన దుకాణాల్లో అందరం వాడేదే, జింకు ముక్కలు వేసి ఘాటు చావగొట్టిన ఆసిడ్. అతికిన ఆ మాటు మీద టేపు చుట్టి ఆమె చేతిలో పెట్టాను. "నా మాటు ఇంతవరకు ఎక్కడా కారలేదు" అని కూడా అన్నాను.

రెండు కొసలూ దూర్చగానే గది నిశ్శబ్దమైపోయింది. కంప్యూటర్ చదువుతోందని తెర మీద వంకర గీత ఊగడాన్ని బట్టి తెలియాల్సిందే. ఎవరికీ వినపడకుండా పాఠం తనకు తనే చెప్పుకుంటోంది. ఆగాక చెవికి పెట్టుకుని విన్నాం. మాట వెనకాల గుంయ్‌మని ఒకటే మూలుగు. పిచ్చుక మొహం వాడిపోయింది. నాకు మాత్రం అది ఎరిగిన చుట్టమే.

"ఇది గదిది కాదమ్మాయ్. కరెంటు గోల. వెల్డింగు దుకాణాల్లో యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఇలాగే మూలుగుతుంది. గోడకున్న తీగ పీకెయ్, బ్యాటరీ మీద నడిపించు."

పీకింది. మూలుగు పోయింది. గట్టి మాటలు చీలుతున్నాయని కంప్యూటర్ గొంతు మూడో వంతుకు తగ్గించింది. అదీ కుదిరింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇప్పుడు కిందికి వెళ్లి కొట్టు మామయ్యా."

"తువ్వాలు ఉంది కదా."

"ఉండనీ. కొట్టు."

దిగి వచ్చాను. తొట్టి రేకు ముందు పెట్టుకున్నాను. సుత్తి ఎత్తాను గానీ చెయ్యి కిందికి రాలేదు. ఐదు నెలలు ఆ తువ్వాలు చూస్తే ఆగిపోవడం నేర్చుకున్న చెయ్యి అది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది.

"ఏమండీ, మర్చిపోయారా ఏంటి, ఎలా కొట్టాలో?"

ఆ మాటకు పడింది మొదటి దెబ్బ. తర్వాత ఆపలేదు. నలభై ఒక్క నిమిషాలు కొట్టాను. చెమట పట్టింది, భుజం లాగింది, ప్రాణం లేచి వచ్చింది. వీధిలో వాళ్లు ఇళ్లలోంచి బయటికి వచ్చి చూశారు.

పైకి వెళ్లేసరికి పిచ్చుక వింటోంది. ఒక చెవిది తీసి నాకిచ్చింది. పాఠం నడుస్తోంది. నదులు ఎక్కడ పుడతాయి, ఎందుకు వంకర తిరుగుతాయి. మాటకూ మాటకూ మధ్య ఏమీ లేదు. శుభ్రంగా తోమిన పళ్లెంలా ఉంది.

"లేదా?" అన్నాను.

"లేదు మామయ్యా."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు."

సంతోషమే. కానీ నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. మూడు వీధులకు వినపడే నా సుత్తి అందులో మచ్చుకైనా లేకపోవడం చూసి మనసు కొంచెం చివుక్కుమంది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఆ తర్వాత జరిగింది మన పనివాళ్లు మాత్రమే చేయగల తప్పు. అందుకే మన సంచికలోనే రాస్తున్నాను.

రెండు వారాల్లో పన్నెండు పాఠాలూ అయిపోయాయి. బ్యాటరీ గంట కన్నా ఎక్కువ రాదు, ఒక పాఠం చేసి మళ్లీ కరెంటు ఎక్కించుకోవాలి. మొదటి ఐదూ పూర్తిగా విని చూసుకుంది. తర్వాత ఒంట్లో ఓపిక తగ్గింది, నమ్మకం పెరిగింది. మామయ్య మాటు కదా అని మొదటి నిమిషం విని పక్కన పెట్టేసేది. ఇరవై ఆరో తేదీన పంపే ముందు అన్నీ ఒకసారి వింటానని కూర్చుంది. మధ్యాహ్నం నన్ను పిలిచింది. అరవలేదు. మామూలుగానే పిలిచింది.

ఆరో పాఠంలో అక్కడక్కడా చిటపట. ఏడోదాంట్లో గొంతు వచ్చీ పోతూ ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా మొదటి నిమిషమో రెండు నిమిషాలో మాట, ఆ తర్వాత ఏమీ లేదు. నలభై నిమిషాల ఖాళీ. రికార్డు అవుతున్నంతసేపూ గదిలో ఏమీ వినపడదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెర మీద గీత చూస్తూ కూర్చోవచ్చు గానీ, ఆమె ఆ సమయంలో తర్వాతి పాఠం తిరగరాస్తూ ఉండేది. నాలుగు రోజులు మిగిలాయి. ఏడు పాఠాలు పోయాయి.

నా మాటు మీద టేపు విప్పింది. తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వేలితో తాకితే పొడి రాలింది.

చూడగానే తెలిసింది. రేకు అతికాక ఆసిడ్‌ను నీళ్లతో కడుగుతాం. ఒకవేళ కడగడం మరిచినా మందపాటి రేకుకు అది కొరికింది లెక్కలోకి రాదు. ఈ తీగను నేను కడగలేదు, తడి మీదే టేపు చుట్టాను. లోపల కూర్చుని అది తీరిగ్గా తినేసింది.

"తప్పు నాదే" అన్నాను. ఈ మాట నేను దుకాణం పెట్టాక ఎవరితోనూ అన్న గుర్తు లేదు. "ఐదు నెలలు సుత్తితో చెడగొట్టాను. ఇప్పుడు దీంతో చెడగొట్టాను."

"వినకుండా పక్కన పెట్టింది నేను కదా మామయ్యా."

"నువ్వు నన్ను నమ్మావు."

"సరే, ఇద్దరిదీ" అంది. చాలా అలిసిపోయి ఉంది. దెబ్బలాడే ఓపిక కూడా లేదు. "ఇప్పుడు ఏం వాడాలో చెప్పు."

రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లాను. నలభై నాలుగేళ్ల పనివాణ్ణి వెళ్లి, సన్న తీగకు ఏం పెట్టి అతకాలి అని అడిగాను. అతను నవ్వలేదు, అది అతని మంచితనం. గుగ్గిలంలా పసుపుపచ్చగా ఉండే జిగురు ముద్ద ఒకటి ఇచ్చాడు. ఇది తీగను తినదన్నాడు. ఈ సంచిక చదివే మన వాళ్లంతా గుర్తుపెట్టుకోండి: సన్న తీగకు ఆసిడ్ తాకించొద్దు.

ఈసారి పిచ్చుక తనే అతికింది. నా కళ్లు ఆ సన్న తీగకు ఆనడం లేదు. పక్కన కూర్చుని మాట మాత్రం సాయం చేశాను.

"వేడి సీసానికి కాదు, తీగకి చూపించు. తీగ వేడెక్కితే సీసం దానంతటదే పరిగెడుతుంది."

"పరిగెట్టట్లేదు."

"ఇంకాస్త ఆగు. ఊదకు. ఊదకు అన్నానా! చల్లారనీ."

రెండు వేళ్లు కాల్చుకుంది. ఐదోసారికి కుదిరింది. బియ్యపు గింజంత చుక్క, అద్దంలా మెరుస్తోంది. నాది ఎప్పుడూ ముద్దగా ఉంటుంది. ఇంత సన్నని మాటు నా దుకాణంలో ఎవరూ వేయలేదు, నేనూ వేయలేదు. కార్యదర్శికి ఈ ముక్క దగ్గరే చెబుతున్నాను, ఈమెను మన సంచికలో వేయడానికి ఇది చాలు.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఉన్నంత చప్పుడు ఎన్నడూ లేదు. ఐదు నెలల డబ్బాలూ తొట్లూ పేరుకుపోయి ఉన్నాయి. నేను కింద కొడుతున్నాను, మా ఆవిడ వంటింట్లో వేళకి వండుతోంది, డబ్బాలాయన వచ్చి గొంతు విప్పి మాట్లాడుతున్నాడు. ఆ గోల మధ్యలో పైన పాఠాలు నిశ్శబ్దంగా నడుస్తున్నాయి. ఈసారి ఒక్కటి కూడా వినకుండా వదలలేదు. పిచ్చుక వింటూ వింటూ కునికిపాట్లు పడుతుంటే మా ఆవిడ చెవికి పెట్టుకుని మూడు పాఠాలు పూర్తిగా విన్నది. అన్నం పెడుతూ నాకు సూర్యుడు భూమికి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పింది. "మధ్యలో ఎక్కడన్నా ఆగిందా?" అని అడిగితే, "సూర్యుడా, పాఠమా?" అంది.

ముప్పయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి పన్నెండూ పంపింది. పంపి, కంప్యూటర్ మూసి, దాని పక్కనే నేల మీద పడుకుని నిద్రపోయింది. మర్నాడు పది దాటాక లేచింది. ఎవరం లేపలేదు.

డిసెంబరు పదకొండున ఆ మేడమ్ ఫోన్ చేసింది. పిచ్చుక ఫోను పైకి వినపడేలా పెట్టింది.

"ఈసారి ఏ స్టూడియోలో చేయించావమ్మా?"

"ఇంట్లోనేనండి. రేకుల దుకాణం మీద గది."

"అయితే ఆ దుకాణం మూయించావా?"

"లేదండి. మా మామయ్య అంతసేపూ కొడుతూనే ఉన్నాడు."

మేడమ్ తీగ సంగతంతా అడిగి తెలుసుకుంది. తర్వాత, ఆ తీగ ఎలా చేశారో మా వాళ్లకి కూడా చూపించాలి, నువ్వు చేరినట్టే అనుకో, అంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను బల్ల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. 

ఉద్యోగం ఇంటి నుంచే, పై గదిలోనే. ముందు మాత్రం ఆ బడిలోనే ఉండి శిక్షణ తీసుకోవాలన్నారు. ఫిబ్రవరి రెండున నేనే రైలెక్కించి వచ్చాను. రెండు రోజులకొకసారి ఫోన్ చేస్తుంది. అక్కడ పని కుర్చీలోనేనట, కాళ్ల వాపు తగ్గిందట, పిల్లలు ఆమె చెప్పిన బొమ్మలు మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింటున్నారట. తనలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు ఉంటే వాళ్లకు తీగ అతకడం నేర్పిందట. "ఊదొద్దని చెప్పావా?" అని అడిగాను. చెప్పిందట.

శిక్షణ నలభై ఐదు రోజులు. ఆమె ఇంటికి వచ్చేది మార్చి పంతొమ్మిదిన.